ఇంజన్ ఎప్పుడు వేడెక్కుతోంది?



ఎండాకాలంలో తిరుమల ఘాట్ ఎక్కే కార్లలో కొన్ని మధ్య దారిలోనే ఆగిపోతుంటాయి. బానెట్ ఎత్తి ఉంటుంది, లోపల్నుంచి ఆవిరి వస్తుంటుంది, చేతిలో నీళ్ల సీసాతో డ్రైవరు అటూ ఇటూ చూస్తుంటాడు.  కార్లో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన ఏసీ. బండి ఎక్కువసేపు చిన్న గేర్లలోనే నడవాలి. వేగం తక్కువ, ఇంజన్ మీద బరువు ఎక్కువ, ముందు నుంచి తగిలే గాలి అంతంతమాత్రం. ఆగిపోయిన కారు యజమానిని అడిగితే ఒకటే మాట అంటాడు: "ఊళ్లో ఏడాది పొడుగునా తిరిగిందండీ, ఒక్క రోజూ ఇలా చేయలేదు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ చాలా సందర్భాల్లో లోపం ఆ రోజు పుట్టింది కాదు. సగం పూడిన రేడియేటరో, పట్టు వదిలిన మూతో, ఒక స్పీడు మీదే తిరుగుతున్న ఫ్యానో చాన్నాళ్లుగా ఉండే ఉంటుంది. చల్లటి రోజుల్లో, చదును రోడ్డు మీద అది బయటపడదు. లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. రేడియేటర్‌లోకి వచ్చే నీళ్లు 95 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు అనుకుంటే వాటి మధ్య తేడా 65. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలకు చేరితే ఆ తేడా 50కి పడిపోతుంది. రేడియేటర్ వేడిని వదిలించుకునేది ఈ తేడా వల్లే. అంటే దాని సత్తాలో దాదాపు నాలుగో వంతు ఎండే లాగేసుకుంటుంది. బాగున్న కారులో ఆ తగ్గుదలను తట్టుకునే వెసులుబాటు ఉంటుంది. లోపమున్న కారులో ఉండదు.

పెట్రోలు కాలినప్పుడు వచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతే బండిని నడపడానికి పనికొస్తుంది. మరో మూడో వంతు వేడి పొగగా సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని మోయాల్సింది కూలింగ్ వ్యవస్థే. సిలిండర్‌లో మంట 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు పైకప్పుగా ఉండే హెడ్ ఇప్పటి కార్లలో అల్యూమినియంతో పోస్తారు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోయే లోహం, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఆ హెడ్డును కాపాడేది చిన్న కార్లలో నాలుగైదు లీటర్ల కూలెంట్. వాటర్ పంపు దాన్ని ఇంజన్ చుట్టూ తిప్పుతుంది, రేడియేటర్ చల్లబరుస్తుంది, మళ్లీ పంపు లాక్కుంటుంది.

తొలినాటి కార్లకు ఈ ఏర్పాటు లేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లింది. ఆ బండి ఇంజన్ నీళ్లను మరగబెట్టి, ఆవిరిగా వదిలేసి చల్లబడేది. అందుకే దారి పొడవునా ఎక్కడ నీళ్లు దొరికితే అక్కడ ఆగి నింపుకోవాల్సి వచ్చింది. 1901 నాటికి విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కోసం 8,070 సన్నటి గొట్టాలను పక్కపక్కనే పేర్చి రేడియేటర్ తయారుచేశాడు. గొట్టాల మధ్య సందుల్లో నీళ్లు, గొట్టాల్లోంచి గాలి. తొమ్మిది లీటర్ల నీళ్లతో ఆ ఇంజన్ నడిచింది. కొద్దిపాటి నీళ్లు, వాటికి తగిలే గాలి ఎక్కువ అన్న ఆ పద్ధతి మీదే ఈనాటి రేడియేటర్లు కూడా నడుస్తున్నాయి.

ఇప్పుడు రోడ్డు మీద అవసరమయ్యే సంగతి. టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటి పైకి కదిలితే ముందు ఏసీ కట్టేయాలి. తర్వాత హీటర్‌ను పూర్తి వేడి మీద, బ్లోయర్‌ను పూర్తి స్పీడు మీద పెట్టి అద్దాలు దించాలి. మండుటెండలో హీటరేమిటని అనిపిస్తుంది గానీ, హీటర్ లోపల ఉండేది కూడా ఒక చిన్న రేడియేటరే. అది ఇంజన్ వేడిలో కొంత భాగాన్ని కారు లోపలికి లాగేస్తుంది. ఈ ఉపాయంతో దగ్గర్లోని నీడ వరకూ చేరుకోవచ్చు. అంతవరకే.

ముల్లు ఎర్ర గీతకు చేరినా, ఎర్ర దీపం వెలిగినా బండిని పక్కకు తీసి ఆపాలి. ఆవిరి లేకుండా, ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాసేపు న్యూట్రల్‌లో ఇంజన్ నడవనివ్వమని కొన్ని కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి. ఆవిరి వస్తున్నా, ఫ్యాన్ తిరగకపోయినా, కింద నీళ్లు కారుతున్నా వెంటనే ఇంజన్ ఆపేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే మెకానిక్ షాపు వస్తుందన్న ఆశ దగ్గరే అసలు నష్టం మొదలవుతుంది. రేడియేటర్ మూతతో, హోస్ పైపుతో పోయే ఖర్చు హెడ్డు దాకా పాకేది ఆ రెండు కిలోమీటర్లలోనే.

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ఆ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. దాని మీద 0.9 అనో 1.1 అనో అచ్చు ఉంటుంది. లోపలి ఒత్తిడిని అది అంత మేరకు పట్టి ఉంచడం వల్ల వంద డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్లు 118, 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది, లోపలున్న నీళ్లు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి. పై హోస్ పైపును గుడ్డతో పట్టి నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి. మెత్తబడ్డాక మందపాటి గుడ్డ వేసి, మూతను మొదటి మెట్టు వరకే తిప్పి, ఉన్న ఒత్తిడి పోనిచ్చి అప్పుడు తీయాలి. చల్లటి నీళ్లను కాగిన ఇంజన్ మీద గుమ్మరించకూడదు. కాగిన లోహం ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లు రావచ్చు.

బండి చల్లబడింది, గ్యారేజీకి చేరింది. ఇక్కడే చాలా డబ్బు వృథా అవుతుంది. ఈ వారం రేడియేటర్ మారుస్తారు, పై వారం వాటర్ పంపు మారుస్తారు, ఆ తర్వాత థర్మోస్టాట్ తీసేస్తారు. హీటింగ్ మాత్రం అలాగే ఉంటుంది. అనుభవమున్న మెకానిక్కు స్పానర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేస్తాడు: ఎప్పుడు వేడెక్కుతోంది?

ట్రాఫిక్‌లో, సిగ్నళ్ల దగ్గర వేడెక్కి హైవే మీద చల్లబడుతుంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ను. హైవేలో గాలి దానంతటదే రేడియేటర్‌లోకి దూరుతుంది, ఫ్యాన్ లేకపోయినా నడిచిపోతుంది. ఆగిన కారుకు ఫ్యానే దిక్కు. ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ కాసేపట్లోనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైరింగ్, మోటారు వరుసగా చూడాలి. కొన్ని కార్లలో ఫ్యాన్‌కు రెండు స్పీడులుంటాయి. ఒకటి పోయి రెండోది పనిచేస్తుంటే ఫ్యాన్ తిరుగుతూనే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మోటారు మార్చినప్పుడు వైర్లు అటుదిటు ఇటుదటు కలిపితే ఫ్యాన్ తిరగబడి తిరుగుతుంది, ఎదురుగా వచ్చే గాలిని బయటికి నెడుతుంది. ఒక కాగితం ముక్కను రేడియేటర్ ముందు పెడితే తేలిపోతుంది. లోపలికి లాక్కుంటే సరిగా ఉన్నట్టు.

ఊళ్లో బాగానే ఉండి హైవేలో, ఘాట్‌లో వేడెక్కుతుంటే రేడియేటర్ పూడిక, పంపు బలహీనత, కింది హోస్ పైపు ముడుచుకుపోవడం వంటివి చూడాలి. రేడియేటర్ పూడిక రెండు రకాలు. లోపల గొట్టాల్లో తుప్పు, సున్నపు పొర పేరుకోవడం ఒకటి. బయట రెక్కల మధ్య చెత్త చేరడం రెండోది. వరి కోతల వేళ పల్లె రోడ్ల మీద తిరిగే బండిలో ఊక, తొలకరి రాత్రుల్లో హైవే మీద తిరిగే బండిలో ఉసిళ్లు అక్కడ చేరతాయి. ముందుండే ఏసీ కండెన్సర్‌కూ, వెనకుండే రేడియేటర్‌కూ మధ్య సందులో ఇవి పేరుకుంటే బయటికి కనిపించవు. టార్చిలైటు వేసి చూడాలి. వాటర్ సర్వీసింగ్‌లో పెద్ద ప్రెషర్‌తో కొడితే సన్నటి రెక్కలు వంగిపోయి దారి ఇంకా మూసుకుంటుంది. తక్కువ ఒత్తిడి నీళ్లతో, ఇంజన్ వైపు నుంచి ముందుకు కడగాలి. గ్రిల్‌కు దోమతెర బిగించినా, ముందు పెద్ద లైట్లు పెట్టించినా అంతే, వచ్చే గాలి తగ్గుతుంది.

పొద్దున స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోపే ముల్లు ఎక్కుతుంటే కూలెంట్ లేనట్టో, పంపు పనిచేయనట్టో, థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కున్నట్టో అనుకోవాలి. పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగా ఉంటే నీళ్లు రేడియేటర్ దాటి రావడం లేదన్నమాట. రిపేరు తర్వాత కొత్తగా మొదలైతే లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది. గాలి పూర్తిగా తీయకుండా కూలెంట్ పోసి పంపిన బండి రెండు రోజుల్లో తిరిగి గ్యారేజీకే వస్తుంది.

థర్మోస్టాట్ గురించి కాసేపు ఆగి చెప్పుకోవాలి. దాని లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. వేడికి మైనం ఉబ్బి, నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వును తెరుస్తుంది. 82, 88 వంటి అంకె దాని మీదే చెక్కి ఉంటుంది, అదే అది తెరుచుకోవడం మొదలయ్యే డిగ్రీ. పరీక్షించడం ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన వంద డిగ్రీల దాకా చూపే థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించాలి. నీళ్లు 80 దాటేదాకా వాల్వు బిగుసుకునే ఉంటుంది. అంకె దగ్గరికి వచ్చేసరికి అంచు చుట్టూ సన్నటి సందు కనిపిస్తుంది, మరో పది పన్నెండు డిగ్రీలకు బాగా తెరుచుకుంటుంది. నీళ్లు కళపెళా మరుగుతున్నా కదలకపోతే దాన్ని మార్చాల్సిందే.

తీసి పారేయడం మాత్రం పరిష్కారం కాదు. పాత రోజుల నుంచి మన గ్యారేజీల్లో ఆ అలవాటు ఉంది. థర్మోస్టాట్ లేని ఇంజన్ చలికాలంలో వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పంపుతుంది, మైలేజీ పడిపోతుంది. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని కూడా అదే మూస్తుంది. తీసేస్తే నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే మళ్లీ ఇంజన్‌లోకి తిరుగుతుంది. వేడి తగ్గించాలని చేసిన పనే వేడిని పెంచుతుంది.

మీటరు చెప్పేది నిజమేనా అన్నదీ చూసుకోవాలి. చాలా కార్లలో ముల్లును కావాలనే స్థిరంగా ఉంచుతారు, అసలు వేడి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ మారినా అది మధ్యలోనే నిలబడుతుంది. అది కదిలిందంటే వేడి అప్పటికే హద్దు దాటుతున్నట్టు. కొన్ని చిన్న కార్లలో ముల్లే లేదు, నీలి దీపం, ఎర్ర దీపం మాత్రమే. ఇంకో ప్రమాదం ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో మిగులుతుంది. అప్పుడు అది తక్కువ వేడినే చూపవచ్చు, ఇంజన్ మాత్రం మాడిపోతూ ఉంటుంది. స్కానర్ పెట్టి సెన్సర్ పంపే డిగ్రీలు చూసి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ ఉన్నచోట కొలిచి పోల్చాలి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ ఇందుకు పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి వరకే చూపుతుంది. మెరిసే లోహం మీద గురిపెట్టినా అంకె తప్పు వస్తుంది, నల్లటి హోస్ పైపు మీద పెట్టాలి.

ఇక తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చు వైపు వెళ్లాలి. ముందు కూలెంట్ మట్టం. తర్వాత మూత. రబ్బరు వాషరు గట్టిపడి పగిలితే ఒత్తిడి నిలవదు. మూతలో ఉండే చిన్న వాక్యూమ్ వాల్వు పట్టేస్తే బండి చల్లబడ్డాక పై హోస్ లోపలికి పీల్చుకుపోయి కనిపిస్తుంది. ఆ తర్వాత ప్రెషర్ టెస్టర్‌ను రేడియేటర్‌కు బిగించి, మూత మీదున్న అంకె వరకు గాలి కొట్టి పది నిమిషాలు చూడాలి. ముల్లు దిగితే ఎక్కడో లీకుంది. హోస్ క్లిప్పుల దగ్గర రంగు మరకలు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం నుంచి కారిన చార, ముందు సీటు కాళ్ల దగ్గర తడిసిన కార్పెట్టు, కార్లో తియ్యటి వాసన, ఇవన్నీ లీకు గుర్తులే.

బయట ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద, అంటే హెడ్డు కింద ఉండే పలుచటి సీలు మీద దృష్టి పెట్టాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషాల్లోనే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోవడం దాని లక్షణాలు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే నీళ్లు కలిసినట్టు. అయితే ఆయిల్ మూత లోపల కొద్దిగా తెల్లటి నురగ కనబడగానే కంగారుపడి ఇంజన్ విప్పించకూడదు. చలికాలంలో రోజూ కొద్ది దూరమే తిరిగే కార్లలో తేమ వల్ల కూడా అలా వస్తుంది. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర గాజు గొట్టం పెట్టి, లోపలి ఆవిరిని నీలి రంగు ద్రవం గుండా పీలుస్తారు. అందులో కాలిన పొగ ఉంటే ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. హెడ్డు విప్పమని చెప్పే మెకానిక్కును ఈ పరీక్ష చేశారా అని అడిగే హక్కు బండి యజమానికి ఉంది.

హెడ్డు విప్పక తప్పకపోతే కొత్త గ్యాస్కెట్ వేసి మూసేయడం సరిపోదు. కాగిన హెడ్డు వంగి ఉండవచ్చు. దాని మీద తిన్నటి స్టీలు అంచు పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. చాలా చిన్న కార్లలో 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే హద్దు. మనిషి వెంట్రుక మందంలోనే ఇలాంటివి ఇమిడిపోతాయి, కంటికి ఆనవు. హద్దు దాటితే లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ చేయించాలి, పగుళ్లున్నాయేమో ప్రెషర్ పెట్టి చూడాలి. బోల్టులను మధ్య నుంచి బయటికి, కంపెనీ చెప్పిన వరుసలో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఒకసారి సాగాక మళ్లీ వాడకూడని బోల్టులు కొన్ని ఇంజన్లలో ఉంటాయి, అవి కొత్తవే వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, గ్యాస్కెట్ పోవడానికి కారణమైన అసలు లోపాన్ని సరిచేయాలి. ఫ్యాన్ రిలే పోయి గ్యాస్కెట్ కాలిన బండికి గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే అది మళ్లీ కాలుతుంది.

ఈ లోపాల్లో చాలావాటికి మూలం రేడియేటర్‌లో పోసే నీళ్లే. మన ఊళ్లలో బోరు నీళ్లు పోయడం మామూలైపోయింది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఇంజన్‌లో బాగా వేడిగా ఉండే చోటే పొరగా అంటుకుంటాయి. ఉప్పుశాతం ఎక్కువైతే అల్యూమినియాన్ని తినేస్తుంది. దారిలో గత్యంతరం లేక తాగే నీళ్లు పోసినా, ఊరు చేరాక మొత్తం తీయించి సరైన కూలెంట్ పోయించాలి. చిక్కటి కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపాలి. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. రంగు చూసి రకం నిర్ణయించకూడదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నది కంపెనీ వేసే రంగు మాత్రమే. వేర్వేరు రకాలు కలిస్తే వాటిలోని రక్షక రసాయనాలు దెబ్బతిని జిగురు కట్టవచ్చు. మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో, ఎన్నేళ్లకు మార్చమన్నారో చూడాలి.

పాత కూలెంట్‌ను నేల మీద వదిలేయడం ప్రాణాంతకం. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్దిపాటి మోతాదే వాటి కిడ్నీలను పాడుచేసి చంపగలదు. పసిపిల్లలకూ అంతే ప్రమాదం. డబ్బాలో పట్టి, మూత బిగించి, గ్యారేజీకి అప్పగించాలి. ఇంట్లో మిగిలిన కూలెంట్‌ను మంచినీళ్ల సీసాలో దాచకూడదు.

సెలవుల్లో అరకుకో, శ్రీశైలానికో, తిరుమలకో బయలుదేరేవారు ప్రయాణానికి వారం ముందు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తాలి. కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి, ఆ మట్టం దగ్గర పెన్నుతో గుర్తు పెట్టాలి. హోస్ పైపులను నొక్కి ఉబ్బు, పగుళ్లు చూడాలి. ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. వారం తర్వాత అదే వేళకు మళ్లీ గుర్తు చూడాలి. మట్టం దిగితే ఎక్కడో లీకున్నట్టే, ఘాట్ ఎక్కే ముందే గ్యారేజీకి వెళ్లి ప్రెషర్ టెస్ట్ చేయించాలి. దిగకపోతే కారులో ఒక లీటరు కలిపిన కూలెంట్, మందపాటి గుడ్డ, ఒక స్పేర్ ఫ్యూజు పెట్టుకుని బయలుదేరవచ్చు.